విండోస్ రిటైల్ పెట్టె, ఓఈఎమ్ డీవీడీ: పర్లాకిమిడి ఆఫీసులో రెండూ వాడి రాస్తున్న రివ్యూ

ముందు తీర్పు చెప్పేస్తాను, వివరాలు కావలసినవాళ్లు కిందకి చదువుకోవచ్చు. అసెంబుల్ చేయించిన కంప్యూటర్‌ని పార్టులు మార్చుకుంటూ ఏళ్ల తరబడి వాడేవాళ్లు రిటైల్ విండోస్, అంటే వాడేవాళ్లకి విడిగా పెట్టెలో అమ్మేది, కొనుక్కోవాలి. ఒకసారి కట్టించి, పాడయ్యేదాకా లోపల చెయ్యి పెట్టని మెషిన్ అయితే ఓఈఎమ్, అంటే కంప్యూటర్ కట్టి అమ్మేవాళ్ల కోసం ఉద్దేశించిన విండోస్, చాలు. కంపెనీ లాప్‌టాప్‌ని విండోస్‌తో కొన్నవాళ్లు ఏదీ కొనక్కర్లేదు, దాని ధర లాప్‌టాప్ బిల్లులోనే కట్టేశారు. ఈ మూడో మాట తెలియక మా వైపు జనం పోగొట్టుకుంటున్న డబ్బు చూస్తే నాకు కడుపు మండిపోతుంది. ఈ రివ్యూ రాయడానికి సగం కారణం అదే.

నాది పర్లాకిమిడిలో లెక్కలు రాసే ఆఫీసు. ట్యాలీ ఎంట్రీలు, జీఎస్‌టీ రిటర్నులు, ఇన్‌కమ్ ట్యాక్స్ పనులు. ఇటు ఒడిశా వైపు బియ్యం వ్యాపారులు, కొమ్ముతో బొమ్మలు చేసి అమ్మేవాళ్లు, అటు పాతపట్నం నుంచి వచ్చే ఆంధ్రా వ్యాపారులు, అందరి లెక్కలూ మూడు మెషిన్లలో ఉంటాయి. ఒకదాంట్లో రిటైల్ విండోస్, ఇంకోదాంట్లో ఓఈఎమ్ డీవీడీతో వేయించింది, మూడోది కంపెనీ విండోస్‌తో వచ్చిన లాప్‌టాప్. కాబట్టి మూడు రకాల సంగతీ చేతికి తెలిసి రాస్తున్నాను.

అందరికీ ఉన్న అపోహ ఒకటి ముందు తీసేయాలి. పాతపట్నంలో బట్టల కొట్టున్న ఒక పెద్దాయన, "ఓఈఎమ్ అంటే డూప్లికేటే కదమ్మా, అందుకే చవక" అన్నారు. కాదు బాబాయ్ గారూ, రెండూ అసలువే. విండోస్ 11 ప్రో రిటైల్‌లో ఏముందో విండోస్ 11 ప్రో ఓఈఎమ్‌లోనూ అక్షరాలా అదే ఉంటుంది. అప్‌డేట్లు ఒకే రోజు వస్తాయి, స్పీడులో తేడా ఉండదు, ట్యాలీకి గానీ జీఎస్‌టీ పోర్టల్‌కి గానీ ఏది వేసుకున్నారో తెలియనే తెలియదు. తేడా అంతా హక్కులో ఉంది. ఆ విండోస్ మీతో పాటు ఇంకో కంప్యూటర్‌కి వస్తుందా, మొదట వేసిన కంప్యూటర్‌తోనే పోతుందా, ఇబ్బంది వస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలి, అసలు ప్రశ్నలు ఇవే. ఇంటితో పాటు కొన్న నుయ్యి లాంటిది ఓఈఎమ్. ఇల్లు మారితే నుయ్యి వెంట రాదు.

రిటైల్ పెట్టె సంగతి. నేను కొన్నది విండోస్ 10 ప్రో. చిన్న అట్టపెట్టె, లోపల ఒక పెన్ డ్రైవు, ఒక కార్డు. అయిదేసి అక్షరాల అయిదు గుంపులుగా, మొత్తం 25 అక్షరాల కీ ఆ కార్డు మీద ఉంటుంది. పెట్టె బయట అంటించిన అసలుదనం లేబుల్ మీద కీ ఉండదు. ఇది గుర్తు పెట్టుకోదగ్గ విషయం, ఎందుకంటే ఓఈఎమ్‌లో సరిగ్గా దీనికి తలకిందులు. అక్కడ లేబుల్ మీదే కీ ఉంటుంది, ఆ లేబుల్‌ని కంప్యూటర్ క్యాబినెట్‌కి అంటించాలి.

కొన్నప్పుడు మా ఇంట్లో అందరూ అడిగారు, అంత డబ్బు పెట్టి పెన్ డ్రైవు కొనడమేమిటని. దానికి జవాబు 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఇచ్చింది. పలాస దగ్గర తీరం దాటి, మా గజపతి జిల్లాని ముంచేసి పోయింది. ఆఫీసు పైకప్పు నుంచి కారిన నీళ్లు నేరుగా క్యాబినెట్‌లోకి దిగాయి. కరెంటు వచ్చాక చూస్తే బోర్డు పోయింది, ప్రాసెసరూ పోయింది. హార్డ్ డిస్క్ మాత్రం దక్కింది. లెక్కలు దొరికాయి, కంప్యూటర్ దొరకలేదు. ఆ విండోస్ ఓఈఎమ్ అయి ఉంటే తడిసిన ఇనుప డబ్బాతో పాటు అదీ పోయేది. రిటైల్ కాబట్టి వేరే కంప్యూటర్ కట్టించి, కార్డు మీదున్న అదే కీ కొట్టి, ఫోన్ యాక్టివేషన్‌లో అది చదివే పొడుగాటి అంకెల వరుస రాసుకుని, మళ్లీ పని మొదలుపెట్టాం. రిటర్నుల గడువు నెత్తి మీద ఉండగా ఆ ఒక్క ఖర్చు తప్పడం ఎంత ధైర్యమో తుపాను చూసిన వ్యాపారస్తులకి వేరే చెప్పక్కర్లేదు.

రిటైల్‌ని ఇలా మార్చుకోవడానికి ఒక షరతు ఉంది. ఒక సమయంలో ఒక్క కంప్యూటర్ మీదే ఉండాలి. పాత మెషిన్ బతికే ఉంటే దాంట్లోంచి తీసేశాకే కొత్తదాంట్లో వేసుకోవాలి. ఒకే కీ రెండు మెషిన్లకి వాడుకోవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11కి టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు కంప్యూటర్‌లో ఉండాలి, ఇంటెల్ అయితే సుమారు ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. తిత్లీ తర్వాత కట్టించిన మెషిన్‌లో పాత ప్రాసెసర్ ఉంది, అది పనికిరాదు. అందుకని గడువుకి ముందే బోర్డూ ప్రాసెసరూ మార్పించాను. విండోస్ మాత్రం అదే. మార్చే ముందు విండోస్ 10 సెట్టింగ్స్‌లో అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, దాని కింద యాక్టివేషన్ తెరిచి, లైసెన్సు నా మైక్రోసాఫ్ట్ అకౌంటుతో ముడిపడి ఉందో లేదో చూసుకున్నాను. మార్చాక అదే పేజీలో ట్రబుల్‌షూట్ నొక్కి, ఈమధ్య హార్డ్‌వేర్ మార్చానన్న లింకు ఎంచుకుని, పాత కంప్యూటర్ పేరు చూపించగానే యాక్టివేట్ అయింది. ఆపైన 11కి అప్‌గ్రేడ్ ఉచితం. రిటైల్ 10 నుంచి 11కి వెళితే అది రిటైల్‌గానే ఉంటుంది, ఓఈఎమ్ 10 నుంచి వెళితే ఓఈఎమ్‌గానే ఉంటుంది. అప్‌గ్రేడ్ చేసినంత మాత్రాన హక్కు మారదు.

ఇప్పుడు ఓఈఎమ్ డీవీడీ. మా అసిస్టెంట్ అమ్మాయి కూర్చునే మెషిన్‌కి విండోస్ 11 ప్రో ఓఈఎమ్ వేయించాను. కట్టించింది బరంపురంలో. ప్యాకెట్ పల్చగా, ఆర్భాటం లేకుండా ఉంటుంది. లోపల ఒక డీవీడీ, దాంతో లేబుల్. లేబుల్ మీద కీలో కొంత భాగాన్ని బూడిద రంగు పూత కప్పి ఉంటుంది, మొబైల్ రీచార్జి కార్డు గీకినట్టు నెమ్మదిగా గీకాలి. నాణెం పెట్టి బలంగా గీకితే అక్షరాలే పోతాయి, గోరు చాలు. ఆ పూత ముందే గీకేసి ఉన్న ప్యాకెట్‌ని కౌంటర్ మీదే వెనక్కి ఇచ్చేయండి, మొహమాటపడొద్దు. గీకిన వెంటనే ఫోనులో ఫొటో తీసుకోండి. క్యాబినెట్ వెనక అంటించిన లేబుల్ దుమ్ముకీ, తుడిచే తడిగుడ్డకీ ఎన్నాళ్లు ఆగుతుందో చెప్పలేం.

ఈ ప్యాకెట్ మీద నాకున్న ఫిర్యాదు ఆ డీవీడీయే. ఇప్పుడు కట్టే క్యాబినెట్లలో డీవీడీ డ్రైవు ఎవరు పెడుతున్నారు? నాదాంట్లో లేదు. చివరికి మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి ఉచితంగా దొరికే టూల్‌తో ఒక 8 జీబీ పెన్ డ్రైవు తయారు చేసుకుని దాంతోనే ఇన్‌స్టాల్ చేశాం. అందులో తప్పేమీ లేదు, ఆ సాఫ్ట్‌వేరు అందరికీ ఒకటే, మనం కొనేది కీ, లైసెన్సు మాత్రమే. అయినా డబ్బు పెట్టి కొన్న డిస్కు బీరువాలో పడుకోవడం నాకు నచ్చలేదు. ధర మాత్రం రిటైల్ కంటే బాగా తక్కువ, ఆ మాట ఒప్పుకోవాలి.

ఓఈఎమ్ కొనేవాళ్లు తెలుసుకోవలసింది మదర్‌బోర్డు సంగతి. ర్యామ్ పెంచుకోండి, ఎస్‌ఎస్‌డీ మార్చుకోండి, పవర్ సప్లై కాలిపోతే కొత్తది పెట్టుకోండి, లైసెన్సుకి ఏమీ కాదు. బోర్డు మారిస్తే మాత్రం మైక్రోసాఫ్ట్ లెక్కలో అది కొత్త కంప్యూటర్. లోపం వల్ల పాడై మార్చిన బోర్డుకి పాత లైసెన్సు చెల్లుతుంది. ఇంకా మంచిది కావాలని మీరే మార్చుకుంటే చెల్లదు. నా పాత మెషిన్‌కి బోర్డు మార్చి అదే విండోస్ వాడుకుంటున్నాను కదా, ఈ మెషిన్‌కి ఆ పని చేయలేను. ఇంకోటి, ఓఈఎమ్‌లో సాయం చేయాల్సినవాడు మైక్రోసాఫ్ట్ కాదు, కంప్యూటర్ కట్టి ఇచ్చినవాడు. నా విషయంలో అంటే బరంపురం బస్సెక్కాలి. మీ ఊళ్లోనే నమ్మకమైన మెకానిక్ ఉంటే ఇది పెద్ద లోటు కాదు.

మూడోది లాప్‌టాప్. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి పెద్ద కంపెనీలు కీని స్టిక్కరు మీద కాకుండా బోర్డు మీది చిప్‌లోనే రాసి పంపుతున్నాయి. మీరు ఫార్మాట్ చేసినా, డిస్కు మార్చినా ఆ కీ అక్కడే ఉంటుంది. అదే ఎడిషన్, అంటే హోమ్, ప్రో లాంటి రకాల్లో మొదట వచ్చిందే, మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే అది కీ అడగదు, చిప్‌లోంచి తనే చదువుకుని, నెట్ తగలగానే యాక్టివేట్ అయిపోతుంది.

లాప్‌టాప్ కొనేటప్పుడు ఎడిషన్ పేరు మాత్రం చదవండి. మన దగ్గర అమ్మే చాలా లాప్‌టాప్‌లలో వచ్చేది హోమ్ సింగిల్ లాంగ్వేజ్. మా అమ్మాయి ఒడియా మీడియంలో చదువుకుంది, మెనూలన్నీ ఒడియాలో కావాలంది. నాకు ఇంగ్లిషు అలవాటు. లాప్‌టాప్‌లో రెండో డిస్‌ప్లే భాష పెట్టబోతే, మీ లైసెన్సుకి ఒకే భాష అని చెప్పి ఆపేసింది. ప్రో మెషిన్‌లో ఒడియా, తెలుగు రెండూ హాయిగా ఎక్కాయి. టైపింగ్‌కి ఈ అడ్డు లేదు, సింగిల్ లాంగ్వేజ్‌లో కూడా తెలుగు, ఒడియా కీబోర్డులు ఎన్నైనా పెట్టుకోవచ్చు. మాలాగా రెండు మూడు భాషల మధ్య బతికే ఊళ్లవాళ్లకి ఇది చిన్న విషయం కాదు, అయినా ఏ షాపులోనూ కొనే ముందు ఎవరూ చెప్పరు.

ఇక కడుపు మండిన సంగతికి వస్తాను. ఒక మందుల కొట్టు అబ్బాయి తన లాప్‌టాప్ తెచ్చాడు. "అక్కా, ఊరికే యాక్టివేట్ చెయ్యమంటోంది, కొత్త విండోస్ కొనమంటావా?" అన్నాడు. కొన్నప్పుడు అసలు విండోస్‌తోనే వచ్చింది. స్లో అయిందని ఎక్కడో ఇస్తే ఫార్మాట్ చేసి, ప్రో వేశామని గొప్పగా చెప్పి డబ్బు తీసుకున్నారట. నేను చేసిన పరీక్ష ఇదీ, మీరూ ఇప్పుడే చేసుకోవచ్చు.

కీబోర్డు మీద విండోస్ గుర్తున్న బటనూ ఆర్ అక్షరమూ కలిపి నొక్కితే కింద చిన్న రన్ పెట్టె వస్తుంది. అందులో ఇంగ్లిషులో ఎస్, ఎల్, ఎమ్, జీ, ఆర్ అని అయిదక్షరాలు కలిపి కొట్టండి. ఒక ఖాళీ వదిలి, ముందుకి వాలిన గీత, దాన్ని ఆనుకుని డీ, ఎల్, ఐ. ఎంటర్ కొడితే రెండు మూడు సెకన్లలో ఒక కిటికీ తెరుచుకుంటుంది. మొదటి వరుసలో ఎడిషన్ పేరు. రెండో వరుస డిస్క్రిప్షన్, దాని చివర్లో చానెల్ అన్న మాట ముందు ఏముందో అదే మీ జాతకం. నా పాత మెషిన్‌లో అక్కడ రిటైల్ అని ఉంటుంది. డీవీడీ మెషిన్‌లో ఓఈఎమ్, సీఓఏ అని, అంటే కీ లేబుల్ మీద ఉందని. లాప్‌టాప్‌లో ఓఈఎమ్, డీఎమ్ అని, అంటే కీ చిప్‌లో ఉందని. ఆ అబ్బాయి లాప్‌టాప్‌లో మాత్రం వాల్యూమ్, కేఎమ్ఎస్ క్లయింట్ అని వచ్చింది, కింద యాక్టివేషన్ గడువు నిమిషాల్లో లెక్కకట్టి చూపిస్తోంది.

కేఎమ్ఎస్ అనేది పెద్ద కంపెనీలకీ యూనివర్సిటీలకీ ఇచ్చే ఏర్పాటు. వాళ్ల సొంత సర్వర్ నుంచి కంప్యూటర్లు 180 రోజులకి, అంటే 2,59,200 నిమిషాలకి, యాక్టివేట్ అవుతాయి, మధ్యమధ్య సర్వర్‌ని పలకరించి గడువు పొడిగించుకుంటాయి. మందుల కొట్టుకి ఏ సర్వరుంది? యాక్టివేటర్ అనే దొంగ ప్రోగ్రామ్ ఒకటి లోపల కూర్చుని ఆ సర్వర్‌లా నటిస్తోంది. చాలా యాక్టివేటర్లు యాంటీవైరస్‌ని పక్కకి తప్పిస్తే గానీ పనిచేయవు. అదే లాప్‌టాప్‌లో ఆ అబ్బాయి బ్యాంకు లాగిన్, జీఎస్‌టీ రిటర్నులకి వాడే డిజిటల్ సంతకం టోకెన్. ఎవరు రాశారో తెలియని ప్రోగ్రామ్‌కి ఇంటి తాళాలు ఇచ్చి పడుకున్నాడు పాపం, అదీ డబ్బు కట్టి మరీ.

కొత్తది ఏదీ కొనిపించలేదు. లెక్కలు, ఫొటోలు బయటి డిస్కులోకి తీసి, మైక్రోసాఫ్ట్ పెన్ డ్రైవుతో మొత్తం తుడిచి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాం. ఎడిషన్ ఏదని కూడా అడగలేదు, చిప్‌లో కీ చూసుకుని తనే హోమ్ సింగిల్ లాంగ్వేజ్ ఎక్కించుకుంది. నెట్ కలపగానే యాక్టివేట్ అయింది. కిటికీలో ఓఈఎమ్, డీఎమ్ అని చూశాక ఆ అబ్బాయి మొహం చూడాలి. ఎప్పుడో డబ్బు కట్టి కొన్న సొంత సొత్తు, ఇన్నాళ్లూ బోర్డులోనే ఉంది.

ఈ పరీక్షలో ఒక మెలిక ఉంది, చెప్పకపోతే తప్పుదారి పట్టించినదాన్నవుతాను. ఆ కిటికీలోనే కీ చివరి అయిదు అక్షరాలు చూపిస్తుంది. ప్రోలో అవి 3వీ66టీ అనీ, హోమ్‌లో 8హెచ్‌వీఎక్స్7 అనీ ఉంటే అది మీ సొంత కీ కాదు, డిజిటల్ లైసెన్సుతో, అంటే కీ కొట్టకుండా మైక్రోసాఫ్ట్ దగ్గర నమోదైన హక్కుతో, యాక్టివేట్ అయిన లక్షలాది కంప్యూటర్లలో మైక్రోసాఫ్ట్ పెట్టే ఉమ్మడి కీ. విండోస్ 7, 8 రోజుల నుంచి ఉచితంగా అప్‌గ్రేడ్ చేసుకుంటూ వచ్చిన మెషిన్లలో ఇలా ఉంటుంది. అప్పుడు పక్కన రిటైల్ చానెల్ అని రాసి ఉన్నా, మొదట వచ్చింది ఓఈఎమ్ అయితే హక్కు ఓఈఎమ్ హక్కే. సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొనేటప్పుడు రిటైల్ విండోస్ ఉందని ఎవరైనా ఈ కిటికీ చూపించి ఎక్కువ అడిగితే, ఆ అయిదక్షరాలు చూసి మాట్లాడండి.

నాలుగైదు వందలకి ఆన్‌లైన్‌లో అమ్మే కీల గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే వాటిని నేను సరుకు కింద లెక్కవేయను. పెట్టె ఉండదు, లేబుల్ ఉండదు, మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో 25 అక్షరాలు వస్తాయి. కొన్ని ఏదో సంస్థ తన కంప్యూటర్లన్నిటికీ కలిపి తీసుకున్న వాల్యూమ్ కీలు, కొన్ని పారేసిన కంప్యూటర్ల ఓఈఎమ్ కీలు. యాక్టివేట్ అవుతాయి, నిజమే. లైఫ్‌టైమ్ అని రాస్తారు, ఎవరి లైఫ్‌టైమో చెప్పరు. మైక్రోసాఫ్ట్ ఆ కీని ఆపేసిన రోజున అడగడానికి మనిషి ఉండడు. ఊడదీసిన లేబుల్ ఒక్కటే అమ్మేవాళ్లదీ ఇదే కథ. లేబుల్ అసలుదైనా సరే, సాఫ్ట్‌వేరు లేకుండా లేబుల్ ఒక్కటే కొనకూడదు, అది లైసెన్సు కాదు.

చివరిది నా వృత్తి మాట, బిల్లు. విండోస్‌ని కంప్యూటర్‌తో కలిపి ఒకే వరుసలో రాయించుకోకండి. వేరే వరుసలో ఎడిషన్ పేరు, రిటైలో ఓఈఎమ్మో స్పష్టంగా, 18 శాతం జీఎస్‌టీతో, మీ జీఎస్‌టీ నంబరుతో ఉండాలి. రెండు రాష్ట్రాల్లోనూ రిజిస్ట్రేషన్ ఉన్న మా సరిహద్దు వ్యాపారులు ఇక్కడ ఇంకొంచెం జాగ్రత్తపడాలి. ఒడిశా నంబరు 21తో, ఆంధ్రా నంబరు 37తో మొదలవుతుంది. ఏ కొట్టుకి వాడతారో ఆ నంబరే బిల్లు మీద పడాలి, లేకపోతే ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన జీఎస్‌టీని తగ్గించుకోవడం, దగ్గర నా ప్రాణం తీస్తారు. ఇన్‌కమ్ ట్యాక్స్‌లో సాఫ్ట్‌వేరు కూడా కంప్యూటర్ల బ్లాకులోకే వస్తుంది, 40 శాతం తరుగుదల దొరుకుతుంది. ఓఈఎమ్ మెషిన్ తీసుకున్నప్పుడు నాకు మొదట ఇచ్చిన బిల్లులో "విండోస్" అని ఒక్క మాటే ఉంది. వెనక్కి ఇచ్చి, "విండోస్ 11 ప్రో, 64 బిట్, ఓఈఎమ్, డీవీడీ, లేబుల్‌తో" అని వేరే వరుసలో రాయించాకే డబ్బు కట్టాను. కౌంటర్లో కుర్రాడు విసుక్కోకుండా మళ్లీ ప్రింటు తీసిచ్చాడు.